పట్టూ విడుపూ

పన్నూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం,
ఇల్తాకి హాకీ రబ్బరు బిళ్ల.
కెమి ఊరి మంచు మైదానంలో
ఆట ఇంకా ఏడు నిమిషాలుందనగా
ముందుపన్ను ఎగిరి ఎర్రగీత దాటి పడింది,
లెక్కకు రాని గోలు.

కోచ్ తౌనో దాన్ని తలపట్టుకుని తీశాడు,
వేరు తాకలేదు.
కాఫీ కొట్టామె గ్లాసులో చల్లటి పాలు పోసింది.
ఆ గ్లాసు డాక్టర్ సైమి చేతికి చేరేసరికి
ఇరవై రెండు నిమిషాలు.
పిల్ల ఏడవడం లేదు,
'థ్కోరెంత?' అని అడుగుతోంది.

వేరు మీద పలచటి ఎర్రటి తడి.
చూసేవాళ్లకి మురికి.
సైమికి తెలుసు, అవి తెగిన పోగుల కొసలు,
ఇంకా బతికున్న కొసలు.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉంటుందనుకుంటాం.
దిగి లేదు. వేలాడుతోంది.
వేరుకీ ఎముకకీ మధ్య
గోరుమందంలో సగం లేని సందు.
ఆ సందులో ఏటవాలుగా వేల నారపోగులు,
వాటి మధ్య కాస్త నీరు.
నులకమంచం ఎరిగినవాళ్లకి వేరే చెప్పాలా,
కూర్చునేది నడుమ, లాగేది పట్టెల్ని.
రొట్టె కొరికితే నొక్కు పన్నుది,
లాగుడు ఎముకది.
లాగినచోట ఎముక కట్టుకుంటుంది,
ఊరికే నొక్కిపట్టినచోట కరిగిపోతుంది,
ఏ పనీ చెప్పకపోతే పలచబడుతుంది.

పంటి బిగువున ఓర్చుకున్నాం అంటాం గానీ
పంటిని ఓర్చేది బిగువు కాదు.

సైమి సొరుగులోంచి
చేపల గాలానికి కట్టే నైలాన్ దారం తీసింది.
పన్నుని గూట్లో పెట్టి
పక్కపళ్లకి కలిపి అతికించింది, రెండు వారాలకి.
'ఇనప తీగతో బిగించొచ్చుగా' అన్నాడు తౌనో.
'బిగిస్తే ఎముక మింగేస్తుంది. కాస్త ఊగనీ.'

ఆమెకెలా తెలుసంటే,
పదకొండో ఏట స్లెడ్జి బండి మీంచి పడ్డప్పుడు
ఊడిన పన్నుని వాళ్లమ్మ
ఆవిరిస్నానాల గదిలో కూర్చుని
సబ్బు పెట్టి, గోళ్ల బ్రష్షుతో
తెల్లగా మెరిసేదాకా తోమింది.
ఎంత ప్రేమగా తోమిందో.
తిరిగి పెట్టిస్తే అతుక్కుంది,
గట్టిగా, ఇసుమంతైనా కదలకుండా,
చూసినవాళ్లంతా మెచ్చుకునేలా.
ముఖం ఎదిగింది. పక్కపళ్లు కిందికి దిగాయి.
అది మాత్రం పదకొండేళ్ల దగ్గరే ఆగిపోయింది.
తడితే కంచుగిన్నెలా ఖణేల్మనేది.
లోలోపల వేరు పోయి ఎముకే ఆ చోటు ఆక్రమించింది.
ఇరవై తొమ్మిదో ఏట
కాఫీలో నానిన రస్కు కొరుకుతుంటే విరిగింది.
ఎందుకు విరిగిందో అమ్మకి చెప్పలేదు.

ఔలు నగరంలో ఒక ప్రయోగశాల,
పీకేసిన జ్ఞానదంతాల వేళ్లనుంచి గీకిన కణాలు
గాజు పళ్లెంలో పొరకడుతున్నాయి.
వాటంతటవి నేసుకుంటే
పసిపిల్లల గీతల్లా అడ్డదిడ్డం.
యంత్రం ఆ పొరని మెల్లగా సాగదీస్తుంది, వదులుతుంది,
సాగదీస్తుంది, వదులుతుంది.
అప్పుడుగానీ ఏ దిక్కున నిలవాలో వాటికి తోచదు.
సైమి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది.
'నోట్లో పెట్టేంత కాలేదు ఇంకా' అంటారు.
సరే అంటుంది.

ఇల్తా పంటిలోపలి నరం దక్కలేదు, తీసేశారు.
ఆ సంగతి వేరు. ఇది వేరు సంగతి.

సముద్రం మీద మంచు పగుళ్లిచ్చే నెలలో
పిల్ల మళ్లీ కుర్చీలో కూర్చుంది.
సైమి హీటరు ఆపించింది, కిటికీ మూయించింది,
చిన్న అద్దం పిడితో పక్కపన్ను తట్టింది:
టప్.
దీన్ని తట్టింది.
నమ్మకం కుదరక మళ్లీ తట్టింది.
టప్. తడిసిన కుండ మీద వేలు పడ్డట్టు.

'అలా కొట్టకండి, తెలుస్తోంది'
అంది ఇల్తా చిరాగ్గా.

సైమి కాగితం మీద ఆ ఒక్క మాటే రాసి
తేదీ వేసింది:
తెలుస్తోంది.