ఏడు దిండ్లు

తెల్లవారుజామున మూడున్నరకి యాస్నా అడిగింది,
చేతిలో మూత్రం డబ్బాతో, నిలబడే:
"ఎలియానా, నిజం చెప్పు.
ఈ పనిలో సుఖముందా?"

పంతొమ్మిదేళ్ళ పిల్ల. ట్రైనింగులో మూడో వారం.
బూట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.
బయట పుంటా అరేనాస్ గాలి
కిటికీ రెక్క పట్టుకుని
అప్పు వసూలుకొచ్చినవాడిలా కుదుపుతోంది.

సుఖమా,
నా మడమల్ని అడుగు. అవి అబద్ధమాడవు.
నా నడుమునడుగు,
ఏ మంచం మీద మనిషి ఎంత బరువో
కిలోల్లో చెబుతుంది.
ఇరవై రెండేళ్ళలో వేడివేడిగా తాగిన కాఫీలు
వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.
జీతానికీ జీవితానికీ ఒక్క అక్షరమే తేడా,
ఆ ఒక్కటీ
నెలాఖరుకి ఎటు పోతుందో తెలీదు.
మా వాడి మొదటి పన్ను ఊడింది నా నైట్ డ్యూటీలోనే.
నాకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచాడు.
నేను పెట్టె తెరిచేసరికి
అందులో రెండున్నాయి.
ఇంకా,
రాత్రంతా మెలకువగా ఉండి
నేను మూసిన కళ్ళు
నావి కావు.

ఇదంతా చెబుదామని నోరు తెరిచేలోగా
పదకొండో నంబరు మంచం కేక వేసింది.

ఓనోఫ్రే మాన్సియా. ఎనభై ఒకటి.
యాభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించినవాడు.
జ్వరం ముప్పై తొమ్మిది దాటిందంటే
అతను ఆసుపత్రిలో ఉండడు,
ఎక్కడో దక్షిణాన ఒక ఉన్ని కొట్టంలో ఉంటాడు,
వెనక మేస్త్రీ తరుముతుంటాడు.
సెలైన్ సూది అప్పటికి రెండుసార్లు పీకేశాడు.
దుప్పటి మీద నెత్తురు.
యాస్నా మంచానికి కట్టే పట్టీలు తెచ్చింది.
పుస్తకంలో ఉన్నదే, ఆమె తప్పేం లేదు.

నేను ఆ చేతుల్ని చూశాను.
అవి కొట్టుకోవడం లేదు.
వెతుకుతున్నాయి.

ఒక దిండు తీసి అతని మోకాళ్ళ మధ్య పెట్టాను.

అబ్బ, ఆ ఎడమచెయ్యి!
మెడ ఒడిసిపట్టి, గడ్డం పైకెత్తి,
తోలు ముడత పడకుండా లాగి పట్టుకుంటే
కుడిచెయ్యి, లేని కత్తెరతో,
పొట్టమీంచి తొడమీదికి, తొడమీంచి వెన్నుకి,
ఒక్క గాటు పడకుండా సాగిపోయింది.
దిండుని తిప్పి తలుపువైపు తోసి
"ఇంకోటి" అన్నాడు.

యాస్నా మాస్కులోపల నవ్వింది.
తర్వాత పరిగెత్తింది.
ఖాళీ మంచాలమీంచి, అల్మారాలోంచి, నా కుర్చీమీంచి.
నాలుగోదాన్ని తనే నేలమీద మోకరిల్లి
కొట్టంలో కుర్రాడిలా అందించింది.
ఆరోదాన్ని తడిమి చూసి
"ఇది పిల్ల, తల్లి దగ్గరికి తోలు" అన్నాడు.
ఏడోదానికి నాడి తొంభైకి దిగింది.
నేను సూది గుచ్చుతుంటే చెయ్యి కదపలేదు,
"జాగ్రత్త, తోలు చిరగనీకు" అని మాత్రం అన్నాడు.

చార్టులో గడి అగ్గిపుల్లంత.
నాలుగూ నలభై. రోగి ప్రశాంతం. సెలైన్ ఎక్కుతోంది.
గొర్రెలకి గడి లేదు.

ఆరింటికి జ్వరం దిగి
మనిషి తిరిగొచ్చాడు.
నన్ను ఎగాదిగా చూసి,
"టీ చల్లారిపోయింది. ఇక్కడెవరూ పని చెయ్యరా?"
యాస్నా మొహం చిన్నబోయింది.
నాకు మాత్రం, సిగ్గులేకుండా, కడుపు నిండింది.
దగ్గు అడ్డురాకుండా అంత వాక్యం తిట్టాడంటే
లోపల ఊపిరికి చోటు దొరికినట్టే.

డ్యూటీ దిగి వెళ్తూ
వీధి మలుపులో, గాలి రోజుల్లో జనం పట్టుకు నడవడానికి
కట్టిన తాడు దగ్గర ఆగాం.
మళ్ళీ అడుగుతుందనుకున్నాను.
అడగలేదు.
నేనూ చెప్పలేదు, ఆ గాలిలో మాట నిలవదు ఎటూ.
ఒకరి వెనక ఒకరం తాడు పట్టుకున్నాం.

సగం దాటాక ఆమె వెనక్కి తిరిగి
గొంతు చించుకుని అరిచింది:

"ఎలియానా! ఆ ఏడు దిండ్లకీ
గలీబులు మార్చామా?"