లెక్క

హై వికోంబ్ దగ్గర చిన్న జూ.
మంగళవారం, సన్నటి వాన.

గాజు వెనక సింగళీకం.
నెరిసిన జూలు, తోక కొసన కుచ్చు,
చర్మం కింద చిప్, పుస్తకంలో నంబరు.
తుమ్మితే డాక్టరు పరిగెత్తుకొస్తాడు.

పైన చీలిన తోక గద్ద. పేరు లేదు.
మొన్నెవరో పిల్లాడి సాండ్‌విచ్ తన్నుకుపోయింది;
తిట్టారు, నవ్వారు, మర్చిపోయారు.

"నా చిన్నప్పుడు ఇక్కడ ఇవి ఒక్కటీ లేవు,"
పళ్ల బుట్ట దించుతూ డోరీన్ అంది.
"స్పెయిన్ నుంచి పిల్లల్ని విమానంలో తెచ్చి వదిలారు."

సింగళీకం బొప్పాయి ముక్క పట్టుకుని
తినకుండా
పైకే చూస్తోంది.

సాయంత్రం రిజిస్టరులో రాశాను:
సింగళీకాలు, ఏడు.
గద్దలకు గడి లేదు.

ఎవరూ లెక్కచేయనంతగా పెరగడం
ఎంత భోగమో!

తలుపు వేసేటప్పటికీ
బొప్పాయి దాని చేతిలోనే ఉంది.