గాలితో వేగడం

పీటర్‌హెడ్ రేవు వీధిలో మా కొట్టు
నలభై ఒక్క ఏళ్ళు నడిచింది.
ఆయన చేపలతో వేగాడు,
నేను ఆయనతో వేగాను.

ఇన్నిస్‌కి వేపడానికి కళ్ళక్కర్లేదు, చెవి చాలు.
నూనె బుసకొడుతుంటే ఇంకా నీళ్ళున్నట్టు,
చిటపట పలచబడితే అయిపోయినట్టు.
కోటు మీద, దిండు మీద,
గోడ మీది పెళ్ళి ఫొటో అద్దం మీద కూడా
ఆ వాసనే.

ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.
టీ కప్పు సాసరు మీద పళ్ళు కొరుకుతుంది.
పోయిన నవంబరులో మూకుడు ఒరిగి
ఆయన పాదానికి జానెడు దూరంలో
నూనె పొగలు కక్కుతూ పరుచుకుంది.
ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా తమ్ముడి కూతురు రోనా నల్లటి పెట్టె తెచ్చింది.
సొరుగులా లాగితే లోపల చిల్లుల బుట్ట.
"గాలితో వేపుతుంది మామయ్యా."
"గాలి మాటలు" అన్నాడు,
పేపరులోంచి తల ఎత్తకుండానే.

మూడు రోజులు అది గుడ్డ కప్పుకుని కూచుంది.
నాలుగోనాడు నేను పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసరికి
చొక్కా చేతులు పైకి మడిచి
పాత లెక్క ప్రకారం పిండి జారుగా కలిపి
చేపను ముంచి అందులో పడుకోబెట్టాడు.
బిగుసుకునే లోపే పిండి
చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా కారిపోయింది.
సగం ఒంటి మీద బట్టలేని చేపను చూసి
"నూనె అయితే పట్టుకునేది" అన్నాడు.

నిజమే. నూనె నలువైపులా ఒక్కసారే కావలించుకుంటుంది.
గాలికి అంత ఒడుపు లేదు,
అది తిరగాలి.

తిరుగుతుంది కదా మరి!
పైన ఎర్రబడ్డ తీగచుట్ట, దాని నెత్తిన ఫ్యాను,
చిన్న గదిలో ఇరుక్కున్న సుడిగాలి.
మా సముద్రపు గాలి
తాడు మీది దుప్పట్లను ఆరబెట్టినట్టే
దుంప ఒంటి మీది తడిని
ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది.
తడి ఆరిన చోటే ఎరుపు పుడుతుంది.
కరకర అక్కడే పుడుతుంది.
కొట్టులో నూనె చేసిందీ ఆ పనేనని
ఆయనకి నేను చెప్పాలా?

ఆదివారం దుంపలు నేను కోశాను.
నానబెట్టి, గంజి వదిలించి, తువ్వాలులో ఒత్తి
ఒకే ఒక్క చెంచా నూనె పోశాను.
కలపడం ఆయనకి వదిలేశాను.
ఆ వణుకు గిన్నెలోకి దిగాక
నూనె అంటని ముక్క ఒక్కటీ మిగల్లేదు.

"ఒక్క వరసే పరువు, కిక్కిరిస్తే గాలి దూరదు,
వేగవు, ఉడుకుతాయి."
"శుక్రవారం రాత్రి మన కొట్టులా" అన్నాడు.
చాన్నాళ్ళకి నవ్వాడు.

పెద్ద ఓవెను వెలిగిస్తే
ఇద్దరి పళ్ళేల కోసం ఇనుప గుహంతా కాగాలి,
మీటరు గుర్రంలా పరిగెత్తాలి.
ఇది చిన్నది, త్వరగా కాగుతుంది,
మా ఆకలంత ఉంటుంది.

ఆయన కుర్చీ జరుపుకుని చెవి పెట్టాడు.
హోరు తప్ప ఏమీ లేదు.
"ఇది నాతో మాట్లాడదే" అన్నాడు, పిల్లాడిలా.
సగంలో బుట్ట లాగి ఆడించాడు. మెత్తగా దబదబ.
కాసేపాగి మళ్ళీ ఆడించాడు.
ఈసారి ముక్కలు గలగలమన్నాయి,
ఎండుటాకుల్లా, చిల్లర డబ్బుల్లా.

"అయింది" అన్నాడు.
గంట మోగడానికింకా రెండు నిమిషాలుంది.
నేను వెనిగర్ సీసా అందుకున్నాను.

రాత్రి దిండుకి సబ్బు వాసన.
ఇద్దరికీ చాలాసేపు నిద్ర పట్టలేదు.