తొమ్మిది వాట్ల పెట్టె

మిందేలో రేవు వెనక వీధిలో
అర్మిందు బేకరీకి తెల్లారేది రాత్రి రెండింటికి.
ఫోన్ చేసి ఒకటే మాట:
"పెట్టె మళ్లీ పడుకుంది."
చెప్పులేసుకుని బయల్దేరాను.
గాలి. ఈ దీవిలో ఎప్పుడూ గాలే,
పొయ్యి గదిలోకి మాత్రం అడుగు పెట్టదు.

పెట్టె అంటే అరచేతికి కాస్త పెద్ద మదర్‌బోర్డు,
బిస్కెట్ల డబ్బాలో నేనే బిగించింది, పోయినేడు.
తాగేది తొమ్మిది వాట్లు.
డాబా మీది సోలార్ పలక పగలంతా ఎండ పిండి
బ్యాటరీలో దాస్తే
రాత్రికి దాని వంతు దానికి అందుతుంది.
పని కూడా పెద్దదేం కాదు:
మూడింటికి పిండి మరను లేపాలి,
ఎవరెవరు ఎన్ని రొట్టెలు అరువు పట్టుకెళ్లారో
గుర్తుంచుకోవాలి, ఎవరితోనూ అనకూడదు.
అర్మిందుకి ఈ చివరిది చేతకాదు.
అందుకే లినక్స్.

మూత తీశాను.
ఫ్యాను రెక్కల మధ్య మైదా,
మైదా మీద సముద్రపు తేమ,
ఆ పైన సహారా నుంచి ఎగిరొచ్చిన ఎర్రదుమ్ము.
గోటితో గీకితే ముద్దగా వచ్చింది.
ఇంకో రోజు ఆగితే కాల్చుకు తినొచ్చు.

మీట నొక్కి టెర్మినల్ తెరిచాను.
లేస్తూనే ఎనభై ఏడు డిగ్రీలు.
పడిపోయే ముందు ఏం జరిగిందో
లాగ్‌లో తనే రాసిపెట్టుకుంది:
ఒంటిగంటా పదకొండు, వేడెక్కింది, వేగం తగ్గిస్తున్నాను.
ఒంటిగంటా పంతొమ్మిది, ఇంకా తగ్గిస్తున్నాను.
ఒంటిగంటా ఇరవై ఆరు, వేడి తగ్గడం లేదు.
ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ ఖాళీ దగ్గర చూపు ఆగింది.
మా తాత ఇదే రేవులో బొగ్గు ఓడ ఎక్కి
కొలిమి గదిలో పార పట్టినవాడు.
ఒకరోజు పారతో సహా కూలిపోయాడట.
అంతకుముందు ఒక్క మాటా అనలేదట.
ఈ డబ్బా నయం,
మూడుసార్లు చెప్పింది.
వినేవాళ్లు లేకపోయారు.

ఫ్యాను ఊడదీసి చెత్తబుట్టలో వేశాను.
"మరి చల్లబరిచేదెవరు?"
మోచేతుల దాకా పిండితో అర్మిందు.
నేను కిటికీ చూస్తున్నాను, ఈశాన్యం వైపుది.
గాలి లోపలికి రానంటే సరే,
వేడే బయటికి వెళ్లాలి.

వాళ్లత్త న్యా ఉర్సుల
మూల నొక్కుకుపోయిన రొట్టె అచ్చు తెచ్చింది.
అల్యూమినియం, తన పెళ్లినాటిది.
"దీనికి వేడి కొత్త కాదు" అంది.
కత్తెరతో అంచులు చీల్చి దువ్వెన పళ్లలా విప్పాను.
ప్రాసెసర్ నెత్తిన బూడిదరంగు పేస్టు, బటాణీ గింజంత.
నాలుగు మరలు.
అచ్చు సగం గదిలో, సగం వీధిలో.
వేగానికి పైహద్దు ఒకటి గీశాను,
పిండికొద్దీ రొట్టె, ఇంతకు మించి ఉరకొద్దని.

మూడూ ఇరవైకి పిండి మర లేచింది.
రేవు కాపలా జెరల్దీను వచ్చి
రొట్టె ఆలస్యమని అరిచి, బల్ల మీదే కునుకు తీశాడు.
డెబ్బై. అరవై రెండు. యాభై.
నలభై నాలుగు దగ్గర
పెట్టె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.
మోత లేదు. బతికుందని చెప్పడానికి
ఒక్క పచ్చ దీపం.
న్యా ఉర్సుల వేలితో అచ్చు తాకి చూసి,
మనిషికి చెప్పినట్టే,
చల్లగా ఉండమంది.

అరువు ఖాతాలో నా పేరుంది: నలభై రెండు రొట్టెలు.
ఈ రాత్రికి చెల్లు అన్నాడు అర్మిందు.
ఉండనీ అన్నాను.
అప్పుంటే
వారానికోసారైనా వస్తాను,
వచ్చినప్పుడు
అది రాసుకున్నది చదువుతాను.