కుడివైపు

ఫొటోలో కారుకి ఎడమవైపే ఉంది.
చోళవరం, డెబ్భై ఎనిమిది, నడినెత్తిన ఎండ.
ముక్కు మీద ముప్ఫై ఒకటి అంకె,
టైరు పక్కన గొంతుక్కూచున్న కుర్రాడు జాన్‌సైదా.
నలభై అయిదేళ్ళకి అతనే
సూర్యారావుపేటలో మా పళ్ళ ల్యాబు మెట్లెక్కాడు,
కింది సెట్టు చిగుళ్ళకి ఒరుసుకుంటోందని.

నేను అక్రిలిక్ గీకుతుంటే
అతని చూపు నా బల్ల చివరికి పోయింది.
"ఆ బొమ్మకారు ఎవరిదమ్మాయ్?"
నాదేనన్నాను. పెట్టెలో ముక్కలుగా కొన్నది, ఊరికే అతికించింది.
పర్సులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.
"దీన్ని చెయ్యి చూద్దాం.
ఆటోనగర్లో మేం కట్టిన బండి. ఫియట్ ఇంజను, మిగతాదంతా మా తిప్పలు.
ఇది ఏ పెట్టెలోనూ రాదు."

అప్పట్నించి పగలు పళ్ళు, రాత్రి కారు.
అవే బర్‌లు, అదే మైనం, అదే భూతద్దం.
ఇరవైనాలుగో వంతు లెక్కలో
పన్నెండో నంబరు స్పానరు పట్టే నట్టు
నా పట్టకారు కొసన అర మిల్లీమీటరు.
ఊపిరి వదిలితే పోతుంది.
రెండు పోయాయి. ఒకటి చీపురుకి దొరికింది,
రెండోది బహుశా
గవర్నర్‌పేటలో ఎవరి దవడపన్నులోనో ఉంది.

రేడియేటరు జాలీ మా టీ వడపోతలోంచి కత్తిరించిన ముక్క.
బెల్టు బకిల్‌కి బీపీ మాత్రల రేకు.
కాలిపోయిన కూలరు మోటారు విప్పితే
స్పార్క్‌ప్లగ్గులకి సరిపడా రాగి వెంట్రుకలు.
కార్బురేటరు గొట్టాలకి ఇన్సులిన్ సూదులు అడిగితే
"వాడినవే తీసుకో" అంది అమ్మ.
సైలెన్సరుకి సోల్డరు తీగ.
చెప్పిన మాట వినే లోహం
నాకు తెలిసి అదొక్కటే.

ఎడమవైపు పూర్తయ్యింది.
కుడివైపు తెల్ల ప్లాస్టిక్కు, చెక్కని గోడ.

ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డు బయట
లారీ చాసిస్ మీద సమ్మెట పడుతోంది.
అడిగితే నోటితో చెప్పలేకపోయాడు.
కళ్ళు మూసుకుని గాల్లోకి చెయ్యి చాపాడు.
మణికట్టు తిరిగింది, ఆగింది,
చూపుడువేలు వంగి ఏదో గొట్టం కిందనుంచి దూరింది,
చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.
"అక్కడ కాలుద్ది."
నేను కారుని కాదు,
అతని వేళ్ళు తప్పుకున్న చోట్లని గీసుకున్నాను.

రెండు నెలల తర్వాత
భూతద్దం కంటికి ఆనించి
చాలాసేపు చూశాడు. తప్పు పట్టడానికేం లేదు.
"బావుంది. కానీ ఇది మా బండి కాదు."

రెండో లాపులో సైలెన్సరు బ్రాకెట్టు విరిగిందట.
ఎవరిదో గొడుగు లాక్కుని, ఊచ విరిచి
అడ్డం పెట్టి అతికించాడట.
"అదే నా మొదటి వెల్డింగు. కాకి రెట్టలా ఉండేది.
అది లేకపోతే ఎట్టా?"

పదిహేనేళ్ళుగా
నాలుక కూడా కనిపెట్టలేనంత నున్నగా
చెయ్యడమే నా కూడు.
మొదటి రెట్ట అందంగా వచ్చింది, పీకేశాను.
రెండోది కావాలని చేసినట్టుంది.
మూడోసారి కరెంటు పోయింది,
చీకట్లో సోల్డరింగు కొస జారింది,
బొటనవేలు చుర్రుమంది.
కరెంటొచ్చాక చూస్తే
అక్కడుంది, గడ్డకట్టి, వంకరగా,
ఇరవయ్యేళ్ళ తొందరతో.

ఇప్పుడు షెడ్డులో, గ్రీజు డబ్బాల పైన
గాజుపెట్టెలో కుడివైపు బయటికి పెట్టి ఉంచాడు.
పనికొచ్చే పిల్లలు వేలుపెట్టి చూపిస్తారు,
"ఇక్కడ పని చెడింది మామా" అని.
"కొత్త చెయ్యిరా అది" అంటాడు.
ఎవరిదో చెప్పడు.

కింది సెట్టు ఇంకా ఒరుస్తూనే ఉందట.
శనివారం రమ్మన్నాను.