చెల్లుబాటు

షార్జా విమానాశ్రయం వెనక, సరుకు గోదాముల వరసలో,
ఏసీ నీళ్లు కారే గోడకు ఆనుకుని నా బల్ల.
నా పని తేదీలు చూడటం.
విమానానికొక తేదీ, పైలట్ కంటిచూపుకొకటి,
నర్సు చేతికి, డాక్టరు సంతకానికి,
ఆక్సిజన్ సిలిండర్ మెడలో వేలాడే ఇత్తడి బిళ్లకి
వేరువేరుగా.

ఇక్కడికి రాకముందు ఆకాశం ఒకటే అనుకునేదాన్ని.
కాదు, దానికీ గెట్లున్నాయి.
గెట్టు దాటితే ఇంకో శాఖ, ఇంకో ముద్ర,
కుడి నుంచి ఎడమకి రాసిన పేరు,
దానికి అనువాదం, అనువాదానికి ధ్రువీకరణ.
రోగిని ఎత్తుకుపోయేది విమానం కాదు,
నలభై ఒక్క కాయితం.

ఆ రాత్రి ఫైలు మీద పేరు ముత్తెన్న,
కథలాపూర్ మండలం.
క్రేన్ కొక్కెం పట్టే పని. మెడ దగ్గర వెన్ను విరిగింది.
యంత్రం ఊపిరి పోస్తోంది.
రెండింటికి ఎగరాలి, తెల్లారేసరికి హైదరాబాద్.

ఒంటిగంటా పదిహేనుకి నా వేలు ఒక చోట ఆగింది.
వెంటిలేటర్ బ్యాటరీ పరీక్ష పత్రం.
గడువు నిన్నటితో ముగిసింది.
నిన్న అంటే
గంటంబావు కిందట.

గాజు తలుపు దగ్గర ఆయన తమ్ముడు లింబాద్రి,
బూట్ల మీద ఎండిన సిమెంటు.
"అక్కా, నీది గూడ మా దిక్కేనట గద.
గా ఒక్క కాయితమే గద?
ఒక్క దినమే గద?
చూడనట్టే ఉండరాదు?"

పెన్ను మూత తీశాను.
నిజం చెబుతున్నా, తీశాను.
11ని 17 చేయడానికి ఎంత సిరా కావాలి?

మూత పెట్టేశాను.
"ఆగాలె తమ్మీ."
అతను చూసిన చూపుకి ధ్రువీకరించిన అనువాదం ఎక్కడా దొరకదు.
"ఈడికొచ్చి నువ్వు గూడ కాయితమైతివా" అన్నాడు,
గట్టిగా కూడా కాదు.

రొడెల్ వచ్చాడు, నిద్రమొహంతో, రబ్బరు చెప్పుల్లో.
కంపెనీ యంత్రాన్ని గోడ ప్లగ్గు నుంచి ఊడదీసి
పరీక్షకు వాడే రబ్బరు తిత్తికి తగిలించాడు.
ముగ్గురం కూర్చుని చూశాం,
అది ఉబ్బడం, తగ్గడం, ఉబ్బడం.
నాలుగు గంటలు నడవాల్సింది.
పదకొండో నిమిషంలో ఒక కూత పెట్టింది.
తర్వాత కూత కూడా లేదు.
తిత్తి బల్ల మీద ఒక పక్కకి వాలింది.

ఆస్పత్రి మంచం నుంచి విమానంలోని ప్లగ్గు దాకా
నలభై నిమిషాలు.
సముద్రం దాకా ఎందుకు,
పారిశ్రామిక వాడ మూడో సిగ్నల్ దగ్గరే.

లింబాద్రి ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
గెలిచినట్టు అనిపించి ఉంటే బాగుండేది.

అబుదాబి నుంచి ఇంకో యంత్రం వచ్చింది,
దాని వెనక దాని కాయితం వచ్చింది.
ఆరు గంటలు.
ఆ ఆరు గంటల్లో ముత్తెన్న ఎడమచేతి వేళ్లు
కదలడం మానేశాయని డాక్టర్ ఇద్రీస్ రాశాడు.
ఆలస్యం వల్లనా, ముందే రాసిపెట్టి ఉందా,
ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు.

ఈ నియమం రాసినవాడెవడో
ఒకరోజు రబ్బరుది కాని తిత్తి పక్కన
కూర్చునే ఉంటాడు.
అలా అనుకుంటే కాస్త ఊపిరాడుతుంది.
కాస్తే.

ఎనిమిదింటికి ఎగిరింది.
లింబాద్రికి సెలవు మంజూరు కాలేదు, పగటి షిఫ్టు బస్సెక్కాడు.
కుర్చీ మీద బూడిదరంగు పొడి మిగిలింది.

ఫైలు మూసి, అలవాటుగా
తేదీ ముద్ర చక్రం తిప్పబోయి ఆగాను.
అర్ధరాత్రి తిప్పడం మర్చిపోయాను.
నలభై కాయితాల మీదా నేను కొట్టిన ముద్ర
నిన్నటిది.
ఎవరూ అడగలేదు.