కుళ్ళిన బోదె

కొబ్బరి దింపు నా పని.
మోకు తగిలించి మొవ్వదాకా ఎక్కితే
తోట నాకు మేడలా కనబడుతుంది,
అంతస్తుకో కాపురం.

పై అంతస్తు ఎండది.
పొత్తు పగిలిన రోజు తేనెటీగలు
నా చెమటనీ పుప్పొడినీ వేరు చెయ్యవు,
రెండూ రుచి చూస్తాయి.

దాని కింద మామిడి. కొమ్మకో బదనిక.
గుప్పెట్లో పట్టే పిట్టొకటి పండు మింగి,
జిగురు గింజ ఊడిరాక
పిర్ర కొమ్మకి రాసి రాసి
నాటేసి పోతుంది.
తన నెత్తిన ఇంకో చెట్టు మొలుస్తోందని
మామిడి ఎవరికి చెప్పుకుంటుంది?

చీకటి పడ్డాక గబ్బిలాలు
అరటి పువ్వుకి తలకిందులుగా వేలాడతాయి.
మా చక్రకేళికి గింజే లేదు,
పుప్పొడితో పనే లేదు.
అయినా అది మొహమంతా పూసుకుని
లంకల మీదుగా ఎగిరిపోతుంది,
చిరునామా లేని ఉత్తరాలు మోసే బంట్రోతులా.

మానుపిల్లిని నేనెప్పుడూ చూళ్ళేదు.
పొద్దున్నే గట్టుమీద దాని పెంట చూస్తాను:
ఈత గింజలు, నేరేడు గింజలు,
కడిగి ఆరబోసినట్టు.
సరిహద్దు మీద ఈ ఈతచెట్టు ఎవరు వేశారని
సర్వేకొచ్చినాయన గట్టిగా అడిగాడు.
నవ్వు ఆపుకోలేక చెట్టెక్కేశాను.

అన్నిటికన్నా అడుగున, నీడలో, కోకో.
పువ్వు కొమ్మ చివర కాదు, మానుకే పూస్తుంది,
చొక్కా గుండీ అంత.
తేనెటీగ దాని గుమ్మంలో పట్టదు.
పొద్దున విచ్చుకుని, ఎవరూ రాకపోతే
మర్నాటికి రాలిపోతుంది.

ఆసామి కొడుకు కాశీపతి
మొన్న ఆషాఢంలో తోట శుభ్రం చేయించాడు.
ఆకులు, డొక్కలు, నరికిన అరటి బోదెలు
ట్రాక్టరుకెత్తి కాలవ అవతల పోయించాడు.
అద్దంలా ఉంది తోట.
పువ్వులు పూశాయి, రాలాయి. పూశాయి, రాలాయి.
మందు కొట్టించాడు.
ఉన్న నాలుగు పిందెలూ నల్లబడ్డాయి.

కోకో కాయలు కొట్టే నూకరత్నం
ఎవరితోనూ ఏమీ అనలేదు.
బోదె ఒకటి ఈడ్చుకొచ్చి
మొదట్లో పడేసింది.
వానకి అది నానింది, కుళ్ళింది, కంపు కొట్టింది.
"ఏంటే ఈ చెత్త?" అన్నాడు కాశీపతి.
"పురిటిగదండీ," అంది.

ఆ కుళ్ళులో పుట్టిన నుసుమలు
దోమ పక్కన నిలబడితే దోమ ఏనుగు.
ఎప్పుడు లేచాయో, ఏ పువ్వులో దూరాయో,
వీపున ఏం మోశాయో!
ఇరవై రోజులకి మానుమీద
గోరంత పిందెలు.

పైనుంచి చూస్తే అవి కనబడవు.
ఆ రోజు మోకు విప్పి భుజాన వేసుకుని
మోకాళ్ళమీద కూర్చున్నాను,
ముక్కు మూసుకోకుండా.